వేళ్లతో కొలిచిన వాన

పోయిన వారం కుళ్లాయప్పను మెట్ల మీదే నిలబెట్టి వచ్చేశాం. భుజాన గొంగడి, చేతిలో కట్టె, కాళ్లకు తన నల్లమాడ దిక్కు దుమ్ము. కొత్తచెరువు బస్టాండు పక్క సందులో, ఎరువుల అంగడి మీదున్న రెండు గదుల ఆఫీసుకు ఎక్కుతూ సగంలో ఆగి, 'ఎర్రమన్ను గేమ్స్' అన్న బోర్డును తలెత్తి చూస్తున్నాడు. ఆయన మిగతా మెట్లు ఎక్కేలోగా, కొత్తగా చేరిన పాఠకులకు జరిగింది చెప్పేస్తాను.

ఎర్రమన్ను గేమ్స్ యజమాని జయరాం. పన్నెండేళ్ల కిందట ఒక్కడే కూర్చుని 'ఏడెకరాలు' అనే ఫోను ఆట తయారు చేశాడు. ఏడెకరాల మెట్ట సేను, ఒక జత ఎద్దులు, వేరుశనగ విత్తనం. వాన చూసుకుని విత్తుకోవాలి, అంతే. బొమ్మలో ఎద్దులు మేకల్లా ఉంటాయి, మనుషులు అగ్గిపుల్లల్లా ఉంటారు. అయినా మన జిల్లాలో దాన్ని ఒక్కసారైనా ఆడని ఫోను లేదంటే నేను నమ్ముతాను. వాన పడినప్పుడల్లా తెర మీద చిన్న చిన్న వేళ్లు లేస్తాయి. ఒక వేలు లేస్తే నేల ఒక వేలు మందం తడిసినట్టు, నాలుగు లేస్తే నాలుగు వేళ్ల తడి, విత్తడానికి సరిపోయే పదును. తొందరపడి రెండు వేళ్లకే విత్తితే గింజ మాడిపోతుంది. జనం దానికి 'వేళ్లాట' అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు జయరాం పెట్టిన పేరు కన్నా గట్టిగా నిలిచింది.

ఇప్పుడు ఆ ఆట కొత్త ఫోన్లలో తెరుచుకోవడం లేదు. మరోపక్క సువార్త అనే ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి మూడేళ్లుగా అదే ఆఫీసులో 'మంద' అనే కొత్త ఆట చేస్తోంది. నల్లమాడ గుట్టల నుంచి గొర్రెలను తోలుకుని, ఉరవకొండ దాటి నల్లరేగడి నేలల దాకా పోయే ఆట. పాతదాన్ని తిరగరాయాలా, కొత్తదాన్ని పూర్తి చేయాలా? ఉన్నది ఆరుగురే, రెండూ చేసే చేతులు లేవు. ఎటూ తేల్చుకోలేని జయరాం, తొమ్మిదేళ్లుగా 'ఏడెకరాలు' ఆడుతూ వారం వారం "మీ పాతాటే ఆటప్పా" అని వాయిస్ మెసేజీలు పంపే ఈ గొర్రెల కాపరిని పిలిపించాడు. కుళ్లాయప్ప ఆడి బాగుందంటే 'మంద' బయటికొస్తుంది. బాగలేదంటే సువార్త మూడేళ్ల కష్టం అటకెక్కుతుంది. జయరాం పెట్టిన షరతు ఒక్కటే. ఆడుతున్నంతసేపూ పక్కనుంచి ఎవరూ మాటసాయం చేయకూడదు.

కుళ్లాయప్ప చెప్పులు వాకిట్లో వదిలి లోపలికి వచ్చాడు. కుర్చీ వేస్తే ముందు వద్దన్నాడు, తర్వాత అంచు మీద కూర్చున్నాడు. సువార్త నీళ్ల చెంబు అందించింది.

"ఈ పాపేనా కొత్తాట చేసింది?"

"నేనే చిన్నాయనా."

"ముందే చెప్తాండా పాపా. నాకు మొగమాటం లేదు. బాగలేకుంటే బాగలేదంటా."

"అట్లనే చెప్పు."

"పోయినేడు ఒగ ఆట పంపితిరి మీరు. ట్రాక్టర్ల పందెమంట! పది నిమిషాలాడి తీసేసినా. ట్రాక్టరు యాడన్నా గాల్లో ఎగురుతాదా? మా ఊర్లో ట్రాక్టరు డీజిలు బంకు కాడికి పోయేదానికే మూలుగుతాది."

జయరాం మొహం గంటు పెట్టుకున్నాడు. ఆ ట్రాక్టర్ల ఆట ఆయనదే మరి. సువార్త నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

ఆట మొదలైంది.

చెప్పొద్దూ, ఆ పిల్ల చేతిలో ఏదో ఉంది. తెర మీద ఎర్రగుట్టలు లేచాయి. వాటి కింద బలుసు పొదలు, తంగేడు, రాళ్ల మధ్య ఎండిన బోదగడ్డి. గొర్రెలు కదిలితే దుమ్ము లేచి మళ్లీ వాటి వీపుల మీదే పడుతోంది. కుళ్లాయప్ప కాసేపు ఏమీ నొక్కలేదు. కళ్లతో మందను ఒక చుట్టు చుట్టాడు.

"నలభై మూడుండాయి," అన్నాడు.

నిజంగానే నలభై మూడు. ఆఫీసులో ఒక్కరూ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేవాళ్లు వస్తారని నమ్మి చేసింది సువార్త ఒక్కతే.

"దీంట్లో ఒగదానికి ఎడమ కాలు కుంటు. దాన్ని మధ్యలో పెట్టుకోవాల," అని నడక నెమ్మది చేశాడు. నడక నెమ్మది చేస్తే కుంటి గొర్రె మధ్యలోకి చేరుతుంది. అది కూడా ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. "గాలి పడమర నుంచి వస్తాంది. గడ్డి వాలింది చూడు." తనలో తను మాట్లాడుకుంటూ, ఈలకు ఏ బొత్తామో, అదిలించడానికి ఏ బొత్తామో పావుగంటలో పట్టేశాడు. మొహంలో బిగువు సడలింది. అంచు మీద కూర్చున్న మనిషి కుర్చీ నిండా కూర్చున్నాడు.

ఆటలో పొద్దు వాలింది. కోత అయిపోయిన ఒక సేను ఎదురైంది. రాత్రికి మందను అందులో నిలపాలి. మనవైపు దీన్ని మంద కట్టడం అంటారు. గొర్రెలు ఒక రాత్రి పడుకున్న సేనికి ఆ ఏడు వేరే ఎరువు అక్కర్లేదు. సేను గట్టు దగ్గర ఒక పచ్చటి గుర్తు మెరుస్తోంది. దాన్ని నొక్కితే మంద లోపలికి పోతుంది, ఆట ముందుకు సాగుతుంది.

కుళ్లాయప్ప నొక్కలేదు. మందను గట్టు బయట నిలిపి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు.

ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. ఆయనకు గుర్తు కనబడలేదేమో అనుకున్నారు మిగతావాళ్లు. జయరాం గడియారం చూశాడు, సువార్తను చూశాడు. ఆ చూపుకు అర్థం ఆమెకు తెలుసు. చూడడానికి బాగున్నా ఏం చేయాలో తెలియని ఆట అని ఆయన ఎన్నోసార్లు అన్నమాటే అది. నాలుగు నిమిషాలు. ఎవరో దగ్గారు. సువార్త గోడకు ఆనుకుని చున్నీ కొస వేళ్లకు చుట్టుకుంటోంది.

ఆరో నిమిషంలో జయరాం ఉండబట్టలేకపోయాడు. "అన్నా, ఆడ పచ్చగా మెరుస్తాందే, దాన్ని..."

"సార్!" అంది సువార్త. "మాటసాయం వద్దన్నది మీరే."

కాపాడబోయిన చేతిని ఆమే తోసేసిందని గదిలో అందరూ అనుకున్నారు. కుళ్లాయప్ప మాత్రం వెనక్కి తిరిగి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

"కనపడ్తానే ఉండాదప్పా ఆ గుర్తు. నాకేమన్నా కండ్లు లేవా? సేనుగల్లోళ్లు పిలవందే మంద లోపలికెట్ల పోతాది? పిలవని సేన్లో కాలు పెడితే దొంగతనం కాదా అది?"

మళ్లీ తెర వైపు తిరిగాడు. ఏడు నిమిషాలు. ఎనిమిది. ఆటలో సూర్యుడు గుట్ట వెనక పూర్తిగా దిగిపోయాడు.

అప్పుడు సేను అవతలి కొసన ఒక ఆడమనిషి కనిపించింది. చేతిలో చెంబు, నెత్తిన కొంగు. గట్టు దాకా నడిచి వచ్చి నిలబడింది.

"యాడి నుంచప్పా వస్తాండారు? పొద్దు మునిగినాది. మా సేన్లోనే కట్టండి మంద. రాండి."

కుళ్లాయప్ప కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "వస్తాండామమ్మా," అని తెరకు జవాబిచ్చాడు. ఇచ్చాక గానీ తను ఎక్కడున్నాడో గుర్తు రాలేదు. ఎవరూ నవ్వలేదు. ఆయన తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు, అది చెమటకేనని మనం కూడా అనుకుందాం.

"ఇది ఎప్పుడు పెట్టినావు?" జయరాం గొంతు తగ్గింది. తన ఆఫీసులో, తన కళ్ల ముందు మూడేళ్లు పెరిగిన ఆటలో ఈ ఆడమనిషి ఉన్న సంగతి ఆయనకే తెలియదు.

"మొదటేడే సార్. ఆడి చూసినోళ్లంతా గుర్తు కనపడంగానే నొక్కేసినారు. ఎవురూ ఆగలేదు."

"నాకు చెప్పొచ్చు గదా?"

"చెప్తే మీరూ ఆగుతారు. చెప్పకుండా ఆగే మనిషి ఒక్కరన్నా ఉంటారా లేదా అని చూస్తాండా." కాస్త ఆగి అంది. "మా అమ్మ చెప్పిన మాట అది. గట్టు కాడ నిలబడినోళ్లను పిలవకుంటే సేనుకే తప్పంట."

అంత మంచి ఆట చూశాక అక్కడితో తీర్పు అయిపోవాలి. జయరాం కూడా అలాగే అనుకున్నాడు. "అయితే చెప్పు కుళ్లాయప్పన్నా. పాతది బాగుందా, కొత్తది బాగుందా?"

"రెండూ బాగుండాయంటే తప్పించుకున్నాడంటారు," అన్నాడు కుళ్లాయప్ప. "ఈ పాప చేసింది నా బతుకప్పా. నా గొర్రెలు, నా దుమ్ము. పాతాటలో ఎద్దుకు, మేకకు తేడా తెలిసేదానికి నాకు మూడు దినాలు పట్టె. దీంట్లో కుంటిదాని కాలు గూడా తెలుస్తాంది. ఇట్లాంటిది చూస్తానని నేననుకోలేదు."

సువార్త ఊపిరి పీల్చుకుంది.

"అయితే దీంట్లో వాన అబద్ధం."

పీల్చిన ఊపిరి అక్కడే ఆగిపోయింది. "ఎట్ల అబద్ధం చిన్నాయనా? ముప్పై ఏండ్ల లెక్కలు తెప్పించి, సగటు తీసి, మిల్లీమీటర్లలో పెట్టినా!"

"సగటు వాన యాడన్నా పడిందా పాపా? పడితే కుమ్మరిస్తాది, లేకుంటే మూడు నెలలు మన దిక్కు చూడదు. మా ఇంట్లో సగటుగా వచ్చేది కొళాయి నీళ్లొగటే, అవీ వారానికొగ తూరి."

"ఆటకు ఏదో ఒక లెక్క ఉండాల గదా..."

"ఉండాల. పాతాటలో ఉండాది." కుళ్లాయప్ప గొంగడిలోంచి తన పాత ఫోను తీశాడు. అద్దం పగిలి, వెనక రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. 'ఏడెకరాలు' తెరిచి బల్ల మీద పెట్టాడు. "తొమ్మిదో ఏడు చూడు. విత్తినాక ముప్పై ఎనిమిది దినాలు చుక్క పడదు. ముప్పై తొమ్మిదో దినం పొద్దున ఒగ వేలు వాన. ఆ పొద్దే నా కూతురు పుట్టె. నేను మంత్రసానిని పిల్చుకొని వస్తాంటే నా గొంగడి తడిసె. కాయ పీకి కుప్ప పెట్టినాక మూడు దినాలు ముసురు. కుప్పలన్నీ బూజుపట్టి పాయె. ఇది ఎవురో కూసోని అల్లింది కాదు పాపా. ఇది మా నల్లమాడ దిక్కు నిజంగా పడిన వాన. తొమ్మిదేండ్లుగా ఈ సారును అడగాలనుకుంటాండా. అందుకే పిలవంగానే బస్సెక్కినా."

జయరాం వైపు తిరిగాడు. "చెప్పప్పా. యాడిదా వాన?"

జయరాం లేచి బీరువా దగ్గరికి నడిచాడు. నేనాయన్ని ఎనిమిది వారాలుగా మీకు చూపిస్తున్నాను. తెలివైనవాడు, దిట్ట, పత్రికలవాళ్ల ముందు తడబడని మనిషి. ఆ రోజు ఆయన బీరువా తాళం తీయడానికి మూడుసార్లు ప్రయత్నించాడు.

లోపల్నుంచి పచ్చ అట్ట నోటుబుక్కు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"మా నాయన హనుమంతరాయుడు పెట్టిన పుస్తకం ఇది. నల్లమాడ పక్కన మాకు ఏడెకరాలుండె. వాన పడిన పొద్దల్లా సేన్లో గుంత తీసి, తడి ఎంత లోతు దిగిందో వేళ్లు అడ్డం పెట్టి కొలిపించేవాడు. తారీఖు ఆయన రాసేవాడు, వేళ్ల గీతలు కొలిచిన మనిషి పెట్టేది. పద్నాలుగేండ్ల వాన ఉండాది దీంట్లో. నేను చేసింది దాన్ని ఎక్కించడమే."

"పన్నెండేండ్ల నుంచి అడిగినోళ్లందరికీ నీ బుర్రలో పుట్టిందని చెప్తివే?" అన్నాడు కుళ్లాయప్ప.

"చెప్పినా." జయరాం తల దించుకున్నాడు. "తప్పు చేసినా."

"కొలిచిందెవురు?"

"మా సేన్లో పనిచేసే ఒకామె."

"పేరు లేదా ఆమెకు?"

"హనుమక్క."

మన జిల్లాలో రాయి విసిరితే ఏదో ఒక హనుమక్క ఇంటి మీదే పడుతుంది. సువార్త తల్లి పేరూ హనుమక్కే. అందుకే ఆ పేరు విన్నా ఆమె ఉలిక్కిపడలేదు. సహజమైన కుతూహలంతో, తన మిల్లీమీటర్లను ఓడించిన ఆ వేళ్లను చూద్దామని అట్ట తిప్పింది.

మొదటి పేజీలో ఒక చెయ్యి ఉంది. అరచేతిని కాగితం మీద ఆనించి, చుట్టూ పెన్నుతో గీసిన బొమ్మ. ఎవరి వేలు మందం వాళ్లది కాబట్టి, ఈ పుస్తకానికి కొలత ఈ చెయ్యి అని చెప్పడానికి గీసింది. ఉంగరం వేలుకు పై కణుపు లేదు. గీత అక్కడ పొట్టిగా మలుపు తిరిగింది.

సువార్తకు ఆ మలుపు తెలుసు. కొడవలికి తెగి పొట్టిదైన ఆ వేలును చిన్నప్పుడు ఎన్ని రాత్రులు పట్టుకుని నిద్రపోయిందో! తలకు నూనె రాసేటప్పుడు నాలుగు వేళ్లు తగిలి ఐదోది తగలకపోవడమే ఆమెకు అమ్మ గుర్తు. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. మూడేళ్లుగా తను ఓడించాలని చూస్తున్న పాత ఆట తన తల్లి చెయ్యి పట్టుకుని నడిచిందని తెలిస్తే ఎవరికి రాదు?

ఫోను తీసి అమ్మకు కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది.

"అమ్మా, యాడుండావు?"

"ఆంజినమ్మోళ్ల ఇంటికాడ. విత్తనానికి కాయ ఒలుస్తాండాము. ఏమాయె, నీ ఆట బాగుందన్నారా?"

"అమ్మా, నీ చెయ్యి గీసిన పుస్తకం ఒగటి నా ముందర ఉండాది."

అవతల కాయలు ఒలిచే చప్పుడు ఆగింది.

"పచ్చట్టదా?"

"అవును."

"ఇంగా ఉండాదా అది!" ఆమె గొంతులో ఆశ్చర్యమే తప్ప కోపం లేదు, అప్పటికింకా. "దాంట్లో పద్నాలుగేండ్లే ఉంటాయి పాపా. మిగతావి నా కాడుండాయి."

కుళ్లాయప్ప బల్ల మీదికి వంగాడు. పద్నాలుగో ఏడు దాటగానే 'ఆట ముగిసింది' అన్న అక్షరాలను తొమ్మిదేళ్లలో వందసార్లు చూసి తిట్టుకున్న మనిషి ఆయన. "ఏమ్మా, పదైదో ఏడుండాదా?"

"ఎవురప్పా నువ్వు? ఉండాది. పదైదు, పదారు, మొన్న బుధవారం పడిన వాన దాకా ఉండాది. బియ్యం డబ్బా కింద ఏడు పుస్తకాలు. బడికి పోయే దినాల్లో తారీఖులు మా పాపే వేసె."

సువార్తకు అప్పుడు గుర్తొచ్చింది. వాన పడిన పొద్దున బడికి పోబోతుంటే "తారీఖు వెయ్యి పాపా" అని అమ్మ పుస్తకం చాచేది. తను వేసి పరుగెత్తేది. అది అమ్మ ప్రార్థన పుస్తకమేమో అనుకుంది గానీ ఎందుకని ఒక్కనాడూ అడగలేదు.

పాత ఆట వాన, కొత్త ఆట మంద. ఆ గదిలో ఉన్న అందరికీ ఒకేసారి అదే తట్టింది. ఏది బాగుందన్న పంచాయితీ ఇక లేదు. గొర్రెలు నడవాల్సింది ఆ ఏడు పుస్తకాల వానలో. జయరాం ఫోను దగ్గరికి జరిగాడు.

"హనుమక్కా, నేను జయరామును. హనుమంతరాయుని కొడుకును. ఆ పుస్తకాలు..."

అవతల ఆంజినమ్మ ఏదో అడగడం, ఈమె వద్దనడం వినిపించింది.

"జయరామూ. పిలవందే మంద కూడా సేన్లోకి రాదప్పా. మమ్మల్ని సేన్లో నుంచి పంపించినోళ్లు మీరు. పద్నాలుగో ఏడు కడపటి వాన పొద్దు ఏం జరిగిందో మొదట నా బిడ్డకు చెప్పు. నిజం చెప్పు. ఆ తర్వాత నిన్ను పిలవాలో వద్దో నేను జూస్తా."

ఆమె ఫోను పెట్టేసింది.

సువార్త నోటుబుక్కు చివరి పేజీ తిప్పింది. హనుమంతరాయుడి అక్షరాల్లో ఒక తారీఖు ఉంది. దాని పక్కన ఆరు గీతలు. ఆరింటినీ అడ్డంగా కొట్టేసి, కింద వేరే సిరాతో రెండే గీతలు గీసి ఉన్నాయి. కొట్టేసిన చెయ్యి హనుమక్కది కాదు, హనుమంతరాయుడిదీ కాదు.

కుళ్లాయప్ప తన కుర్చీని జయరాం ఎదురుగా లాక్కుని, కట్టె మోకాళ్ల మీద అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. "చెప్పప్పా. నాకేం తొందర లేదు. గట్టు మీద ఆగడం నాకు అలవాటే."

జయరాం ఆ రెండు గీతల మీద వేలు పెట్టాడు.

"హనుమక్క కొలత అబద్ధమని మా నాయనకు చెప్పింది నేనే," అన్నాడు.